టీబీ మందులు మధ్యలో ఆపేసినవాళ్ళను మళ్ళీ ఎట్లా రప్పిస్తున్నారు?

నర్సంపేట వైపు హెల్త్ విజిటర్ (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నర్సంపేట వైపు ఒక పీహెచ్‌సీ పరిధిలో టీబీ పేషెంట్ల ఫాలోఅప్ ఈ మధ్యే నా చేతికి వచ్చింది. ట్రైనింగ్‌లో రిజిస్టర్ ఎట్లా రాయాలి, నిక్షయ్‌లో (టీబీ పేషెంట్ల వివరాలుండే ప్రభుత్వ ఆన్‌లైన్ రికార్డు) ఎట్లా ఎక్కించాలి అన్నీ చెప్పారు గానీ, మందులకు రాని మనిషి ఇంటికి పోయి ఏం మాట్లాడాలి అన్నది మాత్రం ఎవరూ సరిగ్గా చెప్పలేదు. అందుకే ఇక్కడ అడుగుతున్నా, ఫీల్డులో పనిచేసినవాళ్ళు ఉంటే దయచేసి వివరంగా రాయండి.

ఇద్దరి సంగతి చెబుతా. ఒకాయన కూలి పని చేస్తాడు, నలభై దాటిన మనిషి. మొదటి రెండు నెలలు మందులు సక్రమంగా తీసుకున్నాడు, దగ్గు పోయింది, బరువు కూడా పెరిగాడు, రెండో నెల చివర్లో తెమడ పరీక్ష చేస్తే నెగెటివ్ వచ్చింది. ఆ తర్వాతి నెల మందులకు రాలేదు. ఫోన్ స్విచాఫ్. ఇంటికి పోతే భార్య "మిరపకాయలు ఏరవోయిండు సారూ, ఖమ్మం దిక్కు, ఇప్పుడు మంచిగనే ఉన్నడు, ఇగ గోలీలు ఎందుకన్నడు" అని చెప్పింది. ఏ ఊరు అంటే ఆమెకు కూడా తెలియదు.

ఇంకో ఆమెకు పెళ్ళై ఏడాది కూడా కాలేదు. పుట్టింట్లో ఉన్నప్పుడు మందులు మొదలైనయ్, తర్వాత అత్తగారింటికి వచ్చింది. నేను పోయేసరికి అత్త వాకిట్లోనే నిలబడి "మా ఇంట్ల ఎవరికీ ఏ రోగం లేదు" అన్నది. ఆ పిల్ల లోపల తలుపు పక్కన నిలబడి నా వైపు చూసి వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. నేను బీపీ సర్వే కోసం వచ్చానని చెప్పి వెనక్కి వచ్చేశా. మళ్ళీ పోవాలా, పోతే ఎట్లా పోవాలి, అర్థం కావడం లేదు. రోజులు గడుస్తున్నకొద్దీ టెన్షన్ పెరుగుతోంది.

మీరైతే ఏం చేస్తారు?


ఏజెన్సీ ఏరియా ఎస్టీఎస్, రిటైర్డ్:

తమ్ముడూ, ఆ అమ్మాయి ఇంటి దగ్గర వెనక్కి రావడం చాలా మంచి పని. అక్కడ టీబీ అన్న మాట ఎత్తి ఉంటే ఆమె మళ్ళీ నీకు కనిపించేది కాదు. ఆమె సంగతి ఇక్కడ ఆడవాళ్ళెవరైనా నాకన్నా బాగా చెబుతారు, నేను కూలి పని ఆయన గురించి రాస్తా. ములుగు, భూపాలపల్లి, ఏటూరునాగారం వైపు ఎస్టీఎస్‌గా, అంటే టీబీ చికిత్స సూపర్‌వైజర్‌గా, నేను చూసిన కేసుల్లో ఎక్కువ భాగం ఇటువంటివే.

ముందుగా ఒకటి. నెల రోజులు వరుసగా మందు ఆగితే రికార్డులో ఆ పేషెంట్‌ను లాస్ట్ టు ఫాలోఅప్ అని రాస్తాం. చాలామంది ఆ నెల గడువును మనకున్న టైం అనుకుంటారు. అట్లా అనుకోవద్దు. మందులు తీసుకెళ్ళాల్సిన రోజు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మనిషి రాలేదంటే ఆ సాయంత్రమే ఫోన్ పోవాలి, మర్నాడో ఎల్లుండో ఆశ వర్కర్ ఇంటి ముందు ఉండాలి. రెండు మూడు రోజుల గ్యాప్ ఉన్న మనిషికి సిగ్గు ఉండదు, "మరిచిపోయిన సార్" అని వచ్చేస్తాడు. మూడు వారాలు దాటితే తిడతారేమో అని భయం పట్టుకుంటుంది, మనల్ని చూస్తే గల్లీ మారిపోతాడు. మొదట మందు ఆపిన కారణం ఎంత చిన్నదైనా, తర్వాత రానివ్వకుండా చేసేది ఈ భయమే.

రెండోది, రెండు నెలలకు మంచిగై ఆపేయడం. దీన్ని నిర్లక్ష్యం అనుకుంటే మనం ఒక్కరిని కూడా వెనక్కి తేలేం. జ్వరం తగ్గితే గోలీ ఆపడం మన ఊళ్ళల్లో పుట్టినప్పటి నుంచి అందరూ చేసేదే, ఆర్ఎంపీ కూడా మూడు రోజులకే ఇస్తాడు. ఆరు నెలలు అంటే అతనికి నమ్మబుద్ధి కాదు. నేను ఏం చెప్పేవాణ్ణంటే, మొదటి రెండు నెలల మందు చురుగ్గా ఉన్న పురుగులను చంపుతుంది, అందుకే దగ్గు పోయింది, నిద్రపోతున్న పురుగులు ఇంకా ఊపిరితిత్తుల్లోనే ఉన్నయ్, వాటికోసమే మిగతా నాలుగు నెలలు. ఈ మాట తెమడ నెగెటివ్ వచ్చిన రోజే, ఆ రిపోర్టు చేతిలో పెట్టేటప్పుడే చెప్పాలి. ఎందుకంటే మనం "నెగెటివ్ వచ్చింది" అంటే అతను "రోగం పోయింది" అని వింటాడు. నా అంచనాలో మందులు ఆగిపోయేది ఎక్కువగా ఆ రిపోర్టు ఇచ్చిన తర్వాతే.

మూడోది, పనుల కాలం. మన దగ్గర దసరా తర్వాత పత్తి ఏరుడు, సంక్రాంతి దాటినాక మిర్చి, ఎండాకాలం ఇటుక బట్టీలు. మేడారం జాతర వచ్చిన ఏడాది మాఘమాసంలో ఊళ్ళకు ఊళ్ళే ఖాళీ అవుతాయి, బతుకమ్మకు ఆడపిల్లలు పుట్టింటికి పోతారు. పేషెంట్ పేరు రాసుకున్న మొదటి రోజే అడగాలి, ఈ ఆరు నెలల్లో నువ్వు ఎక్కడెక్కడికి పోతవు, ఏ మేస్త్రీ తీసుకపోతడు అని. పేషెంట్ ఫోన్ స్విచాఫ్ కావచ్చు గానీ మేస్త్రీ ఫోన్ ఎప్పుడూ మోగుతుంది, వాడికి అదే వ్యాపారం. ఇప్పుడు నీ కేసులో కూడా భార్యను ఊరు పేరు అడగొద్దు, మేస్త్రీ ఎవరు, ఇంకా ఈ వాడ నుంచి ఎవరెవరు పోయినరు అని అడుగు. గంటలో తెలుస్తుంది. కానీ మేస్త్రీతో టీబీ అని అనొద్దు, ఆ మాట పడితే పని పోతుంది. దవాఖాన నుంచి ఒక కాగితం మీద సంతకం కావాలి, ఒకసారి ఫోన్ ఇవ్వు అంటే చాలు.

మనిషి దొరికినాక "ఎందుకు రాలేదు" అని మొదలుపెట్టొద్దు. "గోలీలు వేసుకుంటే ఏమన్నా ఇబ్బంది అయిందా" అని అడిగి చూడు, వాడే చెబుతాడు. ఒకరికి వాంతి, ఒకరికి కీళ్ళ నొప్పులు, ఒకరికి రోజూ గుడుంబా తాగేది ఉంటది, గోలీ వేసుకుని తాగితే చచ్చిపోతవని ఎవరో చెప్పారు కాబట్టి రెండింట్లో గోలీనే ఆపేశాడు. కారణం తెలియకుండా మందు చేతిలో పెట్టి వస్తే ఆ మందు గూట్లోనే ఉంటది. మాట్లాడేటప్పుడు స్ట్రిప్పులు తెమ్మని చూడు, లెక్క పెట్టి నిలదీయడానికి కాదు, ఎక్కడ ఆగాడో తెలుసుకోవడానికి. వరుసగా ఖాళీ అయి ఒక్కసారిగా ఆగితే ఆ రోజు ఏదో జరిగింది. మధ్యమధ్యలో గుంటలు వదిలి ఉంటే అది వేరే సమస్య, పొద్దున్నే పనికి పోయే తొందర, తిండి లేకపోవడం అటువంటిది.


పరకాల కుర్రాడు:

నాదొక మాట, ఎవరూ తప్పుగా అనుకోవద్దు. ప్రభుత్వం మందులు ఫ్రీగా ఇస్తుంది, పరీక్షలు ఫ్రీ, పైగా నెలకు పైసలు కూడా వేస్తుంది. ఇంకా వెంటపడి బతిమాలడం ఎందుకు? పైసలు ఆపేస్తే వాళ్ళే వస్తారు కదా.


ఏజెన్సీ ఏరియా ఎస్టీఎస్, రిటైర్డ్:

తమ్ముడూ, ఆ పైసలు మందు వేసుకున్నందుకు ఇచ్చే కూలి కాదు. 2018 ఏప్రిల్‌లో నిక్షయ్ పోషణ్ యోజన మొదలైనప్పుడు నెలకు 500, 2024 నవంబర్ నుంచి 1000 చేశారు. గుడ్లు, పప్పు, పాలు కొనుక్కోవడానికి. కడుపులో తిండి లేకుండా ఈ మందులు పడవు, తిండి లేకనే సగం మంది ఆపేస్తారు. అటువంటి మనిషికి తిండి పైసలు ఆపితే వచ్చేవాడు కూడా రాడు. ఇంకో సంగతి, చాలామందికి ఆ పైసలు పడనే పడవు. ఖాతాకు ఆధార్ లింకు ఉండదు, లేకపోతే ఎప్పుడో ఉపాధి హామీ పనికి తీసిన పాత ఖాతా నంబర్ ఇస్తారు, అది మూతపడి ఉంటుంది. పైసలు పడలేదన్న కోపంతో రావడం మానేసినవాళ్ళు నాకు తెలుసు. బ్యాంకుకు వెంట పోయి ఆ లింకు చేయించిన రోజు నుంచి మళ్ళీ తప్పకుండా వచ్చారు.

ఫ్రీ అంటున్నావు గానీ, పీహెచ్‌సీకి వచ్చిపోవాలంటే కూలీకి ఒక రోజు పని పోతుంది, ఆటో చార్జీ అదనం. ఆ లెక్క కూడా చూడాలి. అందుకే నేను వీలైనంతవరకు మందులు పల్లె దవాఖానకో ఆశ ఇంటికో చేర్చమనేవాణ్ణి.

ఇంకా వెంటపడటం ఎందుకంటావా, మందు మధ్యలో ఆపిన మనిషి ఇంట్లో చిన్న పిల్లలు ఉంటారు. అతనికి మళ్ళీ దగ్గు మొదలైతే ముందు అంటేది వాళ్ళకే.


జగిత్యాల బీడీల అక్క:

నాకు టీబీ వచ్చి పూర్తిగా తగ్గింది, కోర్సు మొత్తం అయిపోయింది, అందుకే ఆ పిల్ల గురించి రాస్తున్నా. నేను అత్తగారింట్లో ఉన్నప్పుడే బయటపడింది. చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతుంటే దగ్గు ఆగేది కాదు, అందరూ తంబాకు దుమ్ము అన్నరు, నేనూ అదే అనుకున్నా. మా వైపు బీడీలు చేసేవాళ్ళందరికీ దగ్గు మామూలే కాబట్టి పరీక్షకు పోయేసరికే ఆలస్యమైంది.

మొదటి రోజు గోలీలు వేసుకున్నాక మూత్రం ఎర్రగా వచ్చింది. నాకు ఎవరూ ముందు చెప్పలేదు. రక్తం పోతుందనుకుని రెండు రోజులు ఏడ్చి గోలీలు దాచిపెట్టిన. తర్వాత ఏఎన్ఎం అక్క అది మందు రంగు అని చెప్పింది. తమ్ముడూ, ఈ ఒక్క ముక్క ప్రతి పేషెంట్‌కూ మొదటి గోలీ కన్నా ముందే చెప్పు.

మా అత్త నా కంచం, గ్లాసు, దుప్పటి వేరు చేసింది. ఆమె చెడ్డది కాదు, భయం. ఆమె అక్క టీబీతోనే పోయిందట, అప్పట్లో. అట్లా భయపడేవాళ్ళకు "భయం లేదు" అంటే సరిపోదు. మా ఏఎన్ఎం అక్క ఏం చేసిందంటే, మా ఇంటికి బీపీ మిషన్ పట్టుకుని వచ్చి ముందు మా అత్తకు బీపీ, షుగర్ చూసింది. షుగర్ ఎక్కువ ఉంది. దాని గురించే చాలాసేపు మాట్లాడింది. తర్వాతి వారం మళ్ళీ వచ్చింది, అప్పుడు నన్ను అడిగింది, మీ అత్తతో చెప్పాలా, నేను చెప్పాలా నువ్వు చెప్తావా అని. నేను సరే అన్నాకే మా అత్తకు చెప్పింది, కంచాల మీదుగా అంటదు, దగ్గినప్పుడు గాలిలో నుంచి అంటుతుంది, మందు సరిగ్గా వేసుకుంటే కొన్ని వారాల్లో అంటించే గుణం పోతుంది, ఆపితేనే మీకు ప్రమాదం అని. ఇంట్లో అందరినీ పరీక్ష చేయించారు, మా బావ పిల్లలకు రాకుండా ముందుజాగ్రత్త మందు కూడా ఇచ్చారు. ఆ రోజు నుంచి మా అత్తే పొద్దున నాకు గోలీలు, నీళ్ళు తెచ్చి ఇచ్చేది.

కానీ ప్రతి ఇంట్లో ఇట్లా జరగదు. ఆ పిల్ల తల ఊపిందంటే ఇంట్లో చెప్పొద్దని చెప్పినట్టే. ఆమె అడగకుండా భర్తకు ఫోన్ చేయొద్దు, చాలా ఇళ్ళల్లో కోడలి ఫోన్ ఎవరు ఎత్తుతారో తెలియదు. ఆశను పంపు, అది కూడా ఆ వాడ ఆశ అయితేనే మంచిది, కొత్తగా పెళ్ళైన పిల్ల ఇంటికి ఆశ పోవడం ఎవరికీ వింత కాదు. అంగన్‌వాడీలోనో, గుడి దగ్గరో, బోరింగ్ దగ్గరో ఒక్కతే ఉన్నప్పుడు ఒకే ప్రశ్న అడగమను, గోలీలు ఎక్కడ పెట్టుకుంటవు అని. నేను బీడీ ఆకు మూటలో పెట్టేదాన్ని. పెట్టుకునే చోటు లేకపోతే మందు ఎంత ఇచ్చినా దండగ. అప్పుడు ఆశ ఇంట్లోనో పక్కింట్లోనో పెట్టుకుని రోజూ అక్కడికి పోయి వేసుకునే ఏర్పాటు చేయొచ్చు. పుట్టింటివాళ్ళకు తెలుసు కాబట్టి వాళ్ళమ్మను కూడా కలపండి.

ఇంకొకటి ఆడవాళ్ళ సంగతి, సిగ్గుపడి ఎవరూ అడగరు. పిల్లలు పుట్టకుండా వేసుకునే గోలీలు ఈ మందులతో పాటు సరిగ్గా పనిచేయవట, నాకు చివర్లో చెప్పారు. ఆమెకు ముందే చెప్పించండి.


హన్మకొండ ఛాతీ డాక్టర్:

ఇద్దరూ చాలా మంచి విషయాలు రాశారు. అక్క చెప్పింది నిజం, టీబీ మందుల్లో ముఖ్యమైన రిఫాంపిసిన్ ఉన్నప్పుడు గర్భనిరోధక మాత్రల పని తగ్గుతుంది, వేరే పద్ధతి సూచించాలి. గర్భం వచ్చినా మాత్రం ఈ మొదటి వరుస టీబీ మందులు ఆపాల్సిన అవసరం లేదు. గర్భం అని తెలియగానే భయపడి ఆపేసేవాళ్ళు ఉంటారు కాబట్టి ఇది కూడా చెప్పండి.

వైద్యం వైపు నుంచి కొన్ని మాటలు. కొన్ని రోజులే తప్పితే మందు కొనసాగించి, తప్పిన డోసులు కలిపి కోర్సు పూర్తి చేయిస్తాం. నెల, అంతకు మించి ఆగి తిరిగి వస్తే ఇంట్లో మిగిలిన పాత గోలీలతో సొంతంగా మొదలుపెట్టనివ్వొద్దు. తెమడ తీసుకుని సీబీనాట్‌లోనో ట్రూనాట్‌లోనో (టీబీ పురుగును, అది మందుకు లొంగుతుందో లేదో పట్టే మిషన్లు) పరీక్షించి, రిఫాంపిసిన్‌కు లొంగుతుందో లేదో చూసుకున్నాకే ఏ మందు అన్నది నిర్ణయించాలి. మామూలు మందులకు లొంగని మొండి టీబీకి ఇప్పుడు సూదులు లేకుండా నోటి ద్వారా వేసుకునే మందులు వచ్చాయి, కొందరికి ఆరు నెలల్లో అయిపోయే కోర్సు కూడా ఉంది, కానీ ఆ మందులను తట్టుకోవడం తేలిక కాదు, అక్కడిదాకా పోనివ్వకూడదు.

మూత్రం ఎర్రబడటం మందు రంగే, అది మామూలు. అయితే కామెర్లు వచ్చినా మూత్రం రంగు మారుతుంది, అందుకే మూత్రం రంగుతో తేల్చొద్దు, వెలుతురులోకి తీసుకొచ్చి కంటి తెల్లగుడ్డు చూడండి. పచ్చగా ఉన్నా, ఆకలి పూర్తిగా పోయి వాంతులు ఆగకపోయినా మందులు ఆపి ఆ రోజే డాక్టర్ దగ్గరకు పంపాలి. మామూలు వికారం అయితే కొంచెం తిన్నాక వేసుకోమనవచ్చు. కాళ్ళు తిమ్మిర్లు అంటే బీ6 మాత్ర సరిపోతుంది. చూపు మసకబడినా, ఎరుపు ఆకుపచ్చ తేడా తెలియకపోయినా ఇథాంబుటాల్ అనే టీబీ మందు వల్ల కావచ్చు, ఆలస్యం చేయకుండా చూపించాలి.

తాగేవాళ్ళతో "తాగడం మానితేనే మందు" అని షరతు పెట్టొద్దు. తగ్గించమని చెప్పండి, లివర్ పరీక్ష చేయించండి, మందు మాత్రం నడవనివ్వండి. షరతు పెడితే వాళ్ళు ఆపేది మందునే, పైన అన్న రాసినట్టు.

బరువు ప్రతి నెలా చూడండి. పెద్దవాళ్ళకు 35 నుంచి 49 కిలోల వరకు రోజుకు మూడు గోలీలు, 50 నుంచి 64 వరకు నాలుగు. మనిషి కోలుకుని బరువు పెరిగితే డోసు మారాల్సి రావచ్చు. ఇంటికి మందులు పంపే ఏర్పాటు చేసినప్పుడు ఈ బరువు చూడటమే మరుగున పడుతుంది.


కోరుట్ల నుంచి:

మా వైపు ఇంకో రకం ఉంటారు, గల్ఫ్‌కు పోవాలనుకునేవాళ్ళు. అక్కడి మెడికల్‌లో ఛాతీ ఎక్స్‌రే తీస్తారు, పాత మచ్చ ఉన్నా అన్‌ఫిట్ అనే భయం. అందుకే సర్కారు రికార్డులో పేరు ఉండొద్దని ప్రైవేటుగా కొన్నాళ్ళు మందులు కొనుక్కుంటారు, ఏజెంట్ ఫోన్ చేయగానే ఆపేస్తారు. వాళ్ళకు ఒకటే చెప్పాలి, ఎక్స్‌రే తీసేవాడు నిక్షయ్‌ను చూడడు, ఊపిరితిత్తిని చూస్తాడు. సగం మందుతో ముదిరితే మచ్చ ఇంకా పెద్దదవుతుంది. పైగా ప్రైవేటు డాక్టర్ కూడా టీబీ కేసును ప్రభుత్వానికి తెలపాల్సిందే, 2012 నుంచి ఆ రూలు ఉంది. ప్రైవేటులో చూపించుకున్నా ఈ పోషణ పైసలు వస్తాయని చాలామందికి తెలియదు, అది చెబితే దాచుకోవడం కొంత తగ్గుతుంది.

మీ ఊరి ఆర్ఎంపీతో మంచిగా ఉండండి. మందు పడకపోతే పేషెంట్ ముందు పోయేది ఆయన దగ్గరికే. ఆయన "ఆపేయ్" అంటే ఆపేస్తాడు, "పీహెచ్‌సీకి పో" అంటే పోతాడు.


నర్సంపేట వైపు హెల్త్ విజిటర్:

అందరికీ చాలా చాలా థాంక్స్. మేస్త్రీ నంబర్ వాడలోనే దొరికింది. కూలి ఆయనతో మాట్లాడా, అన్న చెప్పినట్టు ఇబ్బంది ఏమైందని అడిగితే మొదట ఏం లేదన్నాడు, కాసేపటికి చెప్పాడు, చేలో అందరూ ఒకే షెడ్డులో పడుకుంటారట, గోలీలు చూస్తే ఏ రోగం అని అడుగుతారని ఇంట్లోనే వదిలేసి పోయాడట. పొద్దున టీ తాగడానికి రోడ్డు మీదికి వచ్చినప్పుడు అక్కడే వేసుకుంటానన్నాడు. మందు ఆగి ఇంకా నెల కాలేదు. ఆ అమ్మాయి దగ్గరకు వాళ్ళ వాడ ఆశ అక్క పోతానన్నది, వాళ్ళమ్మతో కూడా మాట్లాడుతున్నా.

ఒక చిన్న డౌట్. ఆయనను అక్కడి పీహెచ్‌సీకి నిక్షయ్‌లో ట్రాన్స్‌ఫర్ పెట్టాలా, లేక భార్యతో మందులు పంపాలా?


ఏజెన్సీ ఏరియా ఎస్టీఎస్, రిటైర్డ్:

మిర్చి ఇంకా ఎన్ని రోజులు ఉంటుందో మేస్త్రీని అడుగు. వారం పది రోజుల్లో తిరిగొస్తాడంటే మీ మెడికల్ ఆఫీసర్‌తో మాట్లాడి, ఆ రోజులకు సరిపడా మందులు పంపు, ఆ వాడ నుంచి పోయేవాళ్ళు ఎవరో ఒకరు ఉంటారు, కవర్‌లో కట్టి భార్య పేరుతో ఇవ్వు. ఇంకా ఎక్కువ రోజులైతే ట్రాన్స్‌ఫర్ పెట్టు, నిక్షయ్ ఐడీ దేశంలో ఎక్కడైనా అదే పనిచేస్తుంది. కానీ కంప్యూటర్‌లో ట్రాన్స్‌ఫర్ కొట్టి వదిలేయొద్దు. అక్కడి ఎస్టీఎస్‌కు నువ్వే ఫోన్ చేసి ఏ చేను, ఏ మేస్త్రీ అన్నది చెప్పు, మొదటి డోసు అక్కడ అందిందని ఆయన చెప్పేదాకా పేషెంట్ నీవాడే. ఎవరూ దొరకకపోతే 1800-11-6666 హెల్ప్‌లైన్ ఉంది, ఆ నంబర్ పేషెంట్ కార్డు వెనక పెద్ద అంకెలతో రాసివ్వు.

తిరిగొచ్చినాక బరువు చూడటం, ఇంట్లో పిల్లలకు పరీక్ష అయిందో లేదో కనుక్కోవడం మరిచిపోకు. ఆ అమ్మాయి సంగతి ఏమైందో ఇక్కడే రాయి.